ఊరెళ్తున్నాం... కారు సంగతేంటి?

సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. కారును నెలల తరబడి కదపకుండా ఉంచాల్సి వస్తే ఏం చేయాలి? పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవాళ్లు, ఓడ ఉద్యోగాల ఇళ్లవాళ్లు, ఇంటి నుంచే పనిచేసేవాళ్లు, నాన్న వదిలివెళ్లిన బండిని ఎటూ తేల్చుకోలేనివాళ్లు రాశారు. 2020లో లాక్‌డౌన్ సడలించిన రోజులు నాకింకా గుర్తున్నాయి. మా షెడ్డు ముందు బండ్లు బారులు తీరాయి. వాటిలో గుద్దుకున్న బండి ఒక్కటీ లేదు. అన్నీ రెండు మూడు నెలలు ఊరికే నిలబడి మొరాయించినవే. తిరిగితేనే బండి పాడవుతుందని మనం అనుకుంటాం. నిలబెట్టినా పాడవుతుంది, కాకపోతే పాడయ్యే చోట్లు వేరు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఈ సంగతికే కేటాయించాను.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా అమ్మాయి పురిటికని నేనూ మా ఆవిడా అమెరికా వెళ్తున్నాం. ఆరు నెలలకు గాని తిరిగి రాం. ఐదేళ్ల కిందట కొన్న పెట్రోలు స్విఫ్ట్ ఉంది. పక్కింటి అబ్బాయి ప్రతి ఆదివారం వచ్చి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తానంటున్నాడు. తాళాలు ఇచ్చి వెళ్లమంటారా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: ఆ అబ్బాయి మంచి మనసుతోనే అంటున్నాడు మాస్టారూ, కానీ ఆ పని వద్దని చెప్పండి. ఆపి ఉంచిన కార్ల విషయంలో మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కతోనే చెప్తాను.

మీ కారులో 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉందనుకుందాం. తాళం తీసి జేబులో వేసుకున్నా కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, రిమోట్ లాక్, అలారం, ఇంజిన్ కంప్యూటర్ అన్నీ కలిసి 30 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతూనే ఉంటాయి. రోజుకు 0.72, వారానికి 5 ఆంపియర్-అవర్లు పోయినట్టు. ఆదివారం అబ్బాయి సెల్ఫ్ కొట్టి, పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచితే ఆల్టర్నేటర్ తిరిగి నింపేది మహా అయితే 2. అంటే వారం వారం 3 చొప్పున అప్పు పెరుగుతుంది. బ్యాటరీ సగానికి పడిపోతే సెల్ఫ్ నమ్మకంగా ఎత్తదు. ఆరో వారానికే అబ్బాయి మీకు వాట్సాప్‌లో ఫోన్ చేస్తాడు, ‘మాస్టారూ, బండి స్టార్ట్ కావడం లేదు’ అని.

రెండో సంగతి నీళ్లు. ఒక లీటరు పెట్రోలు మండితే పొగతో పాటు దాదాపు లీటరు నీరు ఆవిరై బయటికొస్తుంది. పది నిమిషాల ఐడ్లింగ్‌లో ఒక టీ గ్లాసుడు నీళ్లు పుడతాయి. హైవే మీద అరగంట నడిచిన బండిలో సైలెన్సర్ కాలిపోతూ ఉంటుంది కాబట్టి ఆ ఆవిరి ఎగిరిపోతుంది. చల్లటి సైలెన్సర్‌లో అయితే గోడలకు పట్టి, కిందికి జారి, అక్కడే నిలుస్తుంది. ఇలా వారం వారం స్టార్ట్ చేసి ఆపిన ఒక కారు సైలెన్సర్‌ను కోసి చూశాను. లోపల వేలెడు మందాన తుప్పు బురద పేరుకుని ఉంది. ఇంజిన్ ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే దాని అడుగున మీగడలాంటి తెల్లటి జిగురు. ఆయిల్‌లో నీళ్లు చేరి చిలికినట్టయిన గుర్తు అది.

అందుకని రెండే దారులు. పది రోజులకోసారి బండిని బయటికి తీసి, కనీసం అరగంట, ఓ పాతిక కిలోమీటర్లు నడపగల లైసెన్సున్న మనిషి ఉంటే తాళాలివ్వండి. లేదంటే బండిని పద్ధతిగా నిద్రపుచ్చి వెళ్లండి. నడిమధ్య ఉపాయాలు వద్దు. నన్నడిగితే మీకు రెండోదే మేలు.

ప్రయాణానికి వారం ముందే ఆ పని మొదలుపెట్టండి. పచ్చళ్లు ప్యాక్ చేసి సూట్‌కేసులు తూకం వేసే ఆఖరి రోజున ఇది కుదరదు. ముందుగా ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు చేరి ఉంటాయి, ఆరు నెలలు వాటిని బేరింగుల మీద నిలవ ఉంచకూడదు. తిరిగొచ్చాక మార్పిద్దాంలే అని వాయిదా వేయకండి. తర్వాత ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించండి. ఇప్పుడు బంకుల్లో మనకు పోస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్. దానికి గాలిలో తేమను లాక్కునే గుణం ఉంది. ట్యాంకులో ఖాళీ ఎంత తక్కువుంటే తేమ అంత తక్కువ చేరుతుంది. నీరు ఎక్కువైందంటే ఇథనాలూ నీళ్లూ జతకట్టి అడుక్కి దిగిపోతాయి. పంపు తోడుకునేదీ ఆ అడుగు నుంచే. ఫ్యూయల్ స్టెబిలైజర్ దొరికితే డబ్బా మీద రాసిన కొలత ప్రకారం పోసి, పది కిలోమీటర్లు నడిపి ఆపండి. మందు ఇంజెక్టర్ల దాకా చేరాలి కదా.

బండిని పైనా కిందా కడిగించి, పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి. టైర్లలో గాలి డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద రాసినదానికంటే ఆరేడు పీఎస్ఐ ఎక్కువ కొట్టించండి. టైరు గోడ మీద ముద్రించిన గరిష్ఠాన్ని మాత్రం దాటకూడదు. ఆరు నెలలు బరువంతా టైరులో అరచేయంత మేర మీదే పడుతుంది. గాలి తక్కువుంటే అక్కడ చదును పడిపోయి, తర్వాత నడిపేటప్పుడు స్టీరింగ్ వణుకుతుంది.

హ్యాండ్ బ్రేక్ వేయకండి. నెలల తరబడి వేసి ఉంచితే వెనక డ్రమ్ములకు లైనర్లు అంటుకుపోతాయి. ఫస్ట్ గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలో చెక్క దిమ్మలో అడ్డం పెట్టండి.

అన్నీ అయ్యాక ఆఖర్న బ్యాటరీ. 10 నంబరు పానాతో మైనస్ తీగ విప్పి, కొసకు గుడ్డ చుట్టి పక్కకు వంచండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. అలా అయితే పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వ రాదు. ఆ తర్వాత రిమోట్ పనిచేయదు కాబట్టి తలుపు తాళం చెవితో వేసి, తీసి, ఒకసారి చూసుకోండి. బ్యాటరీ తనంతట తాను కూడా కొంత తరుగుతుంది, మన ఎండలకు ఇంకా త్వరగా. మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. 12కు దిగనిచ్చి వారాల తరబడి వదిలేస్తే లోపలి సీసం పలకల మీద గట్టి పొర కట్టేస్తుంది. ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పట్టదు. కాబట్టి మధ్యలో రెండుసార్లు బ్యాటరీ షాపుకు తీసుకెళ్లి చార్జింగ్ పెట్టించి తెమ్మని ఆ పక్కింటి అబ్బాయికి చెప్పండి. అతని సాయం నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే.

తిరిగొచ్చాక మొదటి ఐదు కిలోమీటర్లు మెల్లగా నడపండి. డిస్కుల మీద పట్టిన పలచటి తుప్పు వల్ల మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమంటుంది, కంగారు పడకండి. గాలి మళ్లీ స్టిక్కర్ లెక్కకు దించడం మరవకండి.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. ఇంటి నుంచే పని కావడంతో కారు మూడేసి వారాలు సెల్లార్‌లోనే ఉంటోంది. రెండుసార్లు ఎలుకలు వైర్లు కొరికేశాయి. బానెట్‌లో కలరా ఉండలు, పొగాకు పెట్టి చూశాను. ఏదైనా మంచి మందు చెప్పండి.
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మందు పెట్టి ఎలుకలను ఆపిన కారును నేనింతవరకు చూడలేదు. అవి మీ బండిలోకి వచ్చేది వైర్ల రుచి కోసం కాదు. చీకటి, వెచ్చదనం, ఎవరూ కదపని చోటు, ఈ మూడూ దొరుకుతున్నాయని. ఎలుకకు ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరకాలి. నోటికి అందింది కొరుకుతుంది.

మీ సెల్లార్‌లో ఎక్కడ ఆపుతున్నారో ముందు చూడండి. చెత్త డబ్బాల పక్కనో, డ్రైనేజీ మూత మీదో, పాత సామాన్లు కుప్ప పోసిన మూలనో అయితే ఏ మందూ పనిచేయదు. స్థలం మార్చుకోండి. సొసైటీ మీటింగులో ఈ ఒక్క మాట గట్టిగా అడగండి. వెలుతురు పడే చోట, గోడకు మూడడుగులు ఎడంగా ఆపండి. కారులో తిన్న చిప్స్ పొట్లాలు, సీట్ల కింద పల్లీలు, డిక్కీలో మరిచిన బియ్యం బస్తా, అన్నీ తీసేయండి. ఏసీకి గాలి తీసుకునే రంధ్రానికి సన్నటి స్టీలు జాలీ బిగించమని మెకానిక్‌ను అడగండి. ఇంజిన్ కింద ప్లాస్టిక్ షీల్డ్ ఊడిపోయి ఉంటే వేయించండి.

కలరా ఉండల గురించి ఒక హెచ్చరిక. బానెట్‌లో పెట్టినా ఆ వాసన ఏసీ దారిన లోపలికొస్తుంది. ఇంట్లో పసిపిల్లలుంటే అసలు వద్దు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఒక ఎంజైము లోపం ఉంటుంది, వాళ్లకు ఈ నాఫ్తలీన్ పడితే రక్తకణాలు విరిగిపోతాయి. ఎలుకల విషం బానెట్‌లో పెట్టడమూ తెలివైన పని కాదు. తిన్న ఎలుక డాష్‌బోర్డు వెనక చచ్చిందంటే, ఆ వాసన పోవడానికి డాష్‌బోర్డు మొత్తం విప్పాల్సి వస్తుంది.

మూడు వారాలకోసారి స్టార్ట్ చేసేముందు బానెట్ ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి చూడండి. ఒక్కోసారి పిల్లి కూనలు కూడా ఉంటాయి, చెయ్యి పెట్టేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి. అన్నింటికంటే మంచి ఉపాయం వారానికోసారి అరగంట అవుటర్ రింగ్ రోడ్డు మీద తిప్పి రావడం. తరచూ కదిలే బండిలో ఎలుక కాపురం పెట్టదు.

ప్రశ్న: మా వారు ఓడ మీద పనిచేస్తారు. ఆరు నెలలు సముద్రం మీద, మూడు నెలలు ఇంట్లో. కారు బీచ్‌కు దగ్గర్లోనే ఇంటి ముందు ఉంటుంది. ప్లాస్టిక్ కవర్ కప్పి ఉంచుతున్నాను. అయినా తలుపుల అంచుల్లో తుప్పు, లోపల బూజు వాసన. నాకు లైసెన్స్ ఉంది గానీ నడపాలంటే భయం.
- గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆ ప్లాస్టిక్ కవర్ తీసి పక్కన పడేయండి. పగలు ఎండకు కింద తేమ ఆవిరవుతుంది, రాత్రి చల్లబడి నీటి బొట్లై కారు మీదే కూర్చుంటుంది. పొద్దున్నే కవర్ ఎత్తి లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి, తడి తగులుతుంది. దానికి మీ సముద్రపు గాలి తెచ్చే ఉప్పు తోడైతే ఇనుము ఎన్నాళ్లు ఆగుతుంది? గాలి ఆడే గుడ్డ కవర్ కొనండి. దుమ్ము పట్టిన కారు మీద కవర్ లాగకండి, ఇసుక రేణువులు పెయింటును గీరేస్తాయి. ఎప్పుడు కప్పినా కడిగి, ఆరాకే.

బీచ్ దగ్గర ఉన్నవాళ్లు పై భాగం కంటే కింది భాగాన్నే ఎక్కువ కడగాలి. పదిహేను రోజులకోసారి మంచి నీళ్ల పైపుతో చక్రాల గుంటలు, తలుపుల కింది అంచులు, అడుగు భాగం బాగా తడపండి. తలుపు కింది అంచున చిన్న రంధ్రాలుంటాయి, లోపల చేరిన నీరు పోవడానికి. వాటిలో మట్టి పూడుకుపోతే తలుపు లోపల్నుంచే కుళ్లుతుంది. ఒక అగ్గిపుల్లతో వాటిని తెరవండి. అంచుల్లో ఇప్పటికే కనిపిస్తున్న తుప్పును గీకించి, ప్రైమర్ వేయించండి. పైన రంగు పూసి కప్పిపెడితే ఏడాదిలో రెట్టింపై బయటికొస్తుంది.

బూజుకు సీట్ల మీద సెంటు కొట్టడం దండగ. మ్యాట్లు తీసి, కార్పెట్టు కింద చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉంటే ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయి నీళ్లు లోపలికి కారుతున్నాయన్నమాట. ముందు దాన్ని శుభ్రం చేయించి, ఎండ కాసే రోజు నాలుగు తలుపులూ తెరిచిపెట్టి, ఒక గుడ్డ సంచీలో బొగ్గులు గానీ సిలికా జెల్ పొట్లాలు గానీ లోపల ఉంచండి. ఏసీ పది పదిహేను రోజులకోసారి పది నిమిషాలు ఆడాలి, లేకపోతే కంప్రెసర్ సీలు ఎండిపోయి గ్యాస్ కారుతుంది.

ఇక మీ భయం సంగతి. ఈ కారుకు అసలైన మందు మీ దగ్గరే ఉంది. లైసెన్స్ ఉంది, బండి గుమ్మం ముందుంది. ఓ పది రోజులు డ్రైవింగ్ స్కూల్ వాళ్లను పిలిపించుకుని మీ కారు మీదే నేర్పమనండి. తర్వాత ఆదివారం తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఆనందపురం దాకా వెళ్లి రండి. నెలకు మూడుసార్లు అలా తిప్పితే పైన చెప్పిన వాటిలో సగం అవసరమే పడవు. ఇంటి ముందు కారు పెట్టుకుని ఆటో కోసం ఎదురు చూడాల్సిన పనీ ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారి మారుతి 800 కోనసీమలో మా ఊరి పాకలో నాలుగేళ్లుగా అలాగే ఉంది. ఆయన పోయాక ఎవరం ముట్టుకోలేదు. నేను బెంగళూరులో ఉంటాను. సంక్రాంతికి వెళ్లినప్పుడు కొత్త బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేద్దామనుకుంటున్నాను. ఆయన గుర్తుగా నడుపుకోవాలని ఉంది.
- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: బ్యాటరీ పెట్టడం ఆఖరి పని. ముందే పెట్టి సెల్ఫ్ కొట్టారంటే నాలుగేళ్లు ఓపిక పట్టిన ఇంజిన్‌ను ఒక్క నిమిషంలో పాడు చేసినవాళ్లవుతారు. సిలిండర్ గోడల మీద ఆయిల్ ఎప్పుడో జారిపోయి ఉంటుంది. రింగులు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. ఎండు గోడల మీద బలవంతంగా తిప్పితే గీతలు పడతాయి.

వెళ్లగానే మొదట ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని కారు కింద పడుకోండి. ఫ్లోర్, సస్పెన్షన్ బిగించిన చోట్లు, పక్క పట్టీలు స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. ఠంగుమంటే సంతోషం. అప్పడంలా విరిగి మొన లోపలికి దిగిందంటే ఆ బండి మీద డబ్బు పెట్టకండి. ఫ్లోర్ చిల్లులు పడిన కారును ఇంజిన్ ఎంత బాగున్నా రోడ్డెక్కించకూడదు. గుర్తుగా స్టీరింగో, నంబరు ప్లేటో ఉంచుకోండి. కోనసీమ తేమకు మట్టి నేల మీద నిలబడ్డ బండి కాబట్టి ఈ మాట ముందే చెప్తున్నాను.

బాడీ గట్టిగా ఉంటే ఇక పని మొదలు. మొన్నామధ్య మా దగ్గరికి ఇలాంటి 800 ఒకటి వచ్చింది. ఎయిర్ ఫిల్టర్ మూత తీస్తే డబ్బా నిండా కొబ్బరి పీచు, చింపిన పంచాంగం కాగితాలు, వాటి నడుమ ఎలుక గూడు. దాన్ని చూడకుండా స్టార్ట్ చేసి ఉంటే ఆ పీచంతా కార్బురేటర్‌లోకి పోయేది. అందుకే ఫిల్టర్ డబ్బా, సైలెన్సర్ గొట్టం మొన, రెండూ ముందు చూడాలి.

తర్వాత ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలంతా తీయించండి. వార్నిష్ వాసన కొడుతుంటే అది పెట్రోలుగా పనికిరాదు. కార్బురేటర్ బండి అయితే దాన్ని విప్పించి జెట్లు శుభ్రం చేయించాలి, ఫ్లోట్ గిన్నెలో పసుపు రంగు బంక గడ్డకట్టి ఉంటుంది. రబ్బరు పెట్రోలు పైపులన్నీ కొత్తవి వేయించండి. ఇప్పటి ఇథనాల్ పెట్రోలును తట్టుకునే రకం అడిగి తీసుకోండి, ఆ కారు పుట్టిన రోజుల్లో ఇంత ఇథనాల్ లేదు.

ఇంజిన్‌లో మూడు స్పార్క్ ప్లగ్గులుంటాయి. మూడూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి, ఒక రాత్రంతా వదిలేయండి. తెల్లారాక గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ నట్టుకు పానా పెట్టి చేత్తో మెల్లగా తిప్పి చూడండి. తిరిగిందంటే ఇంజిన్ బతికే ఉంది. తిరక్కపోతే బలం ఉపయోగించవద్దు, మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. పండక్కి నాలుగు రోజులే సెలవైతే అక్కడితో ఆపి, మంచి మెకానిక్‌కు అప్పగించి రండి.

తిరిగితే ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ మార్చండి. టైమింగ్ బెల్టు, ఫ్యాన్ బెల్టు కొత్తవి వేయించండి. ఇప్పుడు బ్యాటరీ పెట్టి, ప్లగ్గులు లేకుండానే, కాయిల్ తీగ ఊడదీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ నాలుగైదు సెకన్ల చొప్పున కొట్టండి. బేరింగులకు ఆయిల్ అందిందని ఆ లైటు చెప్పాకే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయాలి.

స్టార్ట్ అయిన సంతోషంలో వెంటనే రోడ్డెక్కకండి. బ్రేకులు చూడలేదు ఇంకా. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాల్సినది. నాలుగేళ్లదంటే చక్రాల దగ్గరి సిలిండర్లలో తుప్పు చేరి ఉంటుంది. సీళ్లు, రబ్బరు గొట్టాలతో సహా మార్పించండి. టైర్ల గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైనదని అర్థం. పదేళ్లు దాటితే గాట్లు ఎంత లోతుగా కనిపించినా పారేయండి, స్టెప్నీతో సహా.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. మీది ఏ సంవత్సరానిదో రాయలేదు, ఆర్‌సీ తీసి చూడండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. పైగా బండి నాన్నగారి పేరున ఉంది కాబట్టి ముందు వారసుల పేరుకు మార్పించుకోవాలి. మెకానిక్ పని కంటే ఆర్టీవో ఆఫీసు పనే ఎక్కువ కాలం పట్టొచ్చు, రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

ప్రశ్న: ఆరు నెలలు కారు తీయనప్పుడు ఇన్సూరెన్స్ దండగ కదా? మానేసి మళ్లీ కట్టుకోవచ్చా?
- వ్యాపారి, ఖమ్మం

జవాబు: మానకండి. పాలసీ గడువు ముగిసిన 90 రోజుల్లోగా కట్టకపోతే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉన్నవాళ్లకు అది 50 శాతం దాకా ఉంటుంది, మళ్లీ సున్నా నుంచి మొదలు. ఆపి ఉంచిన కారుకు దొంగతనం, నిప్పు, వరద, విరిగిపడే చెట్టు, ఇవన్నీ ఉన్నాయి. థర్డ్ పార్టీ పాలసీ లేకుండా బండి రోడ్డెక్కడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం కూడా. ఊరెళ్లేలోగా గడువు తేదీ చూసుకుని, మధ్యలో ముగిసేలా ఉంటే ముందే కట్టేసి వెళ్లండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా కారు సీట్ల దాకా మునిగింది. తమ్ముడు కంగారులో స్టార్ట్ చేస్తే ఇంజిన్ పోయింది. ఈ వానాకాలం రెండు నెలలు మేం ఊళ్లో ఉండం. ఏం జాగ్రత్త తీసుకోవాలి?
- ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: గాలిని నొక్కితే నలుగుతుంది, నీటిని నొక్కితే నలగదు. సిలిండర్‌లోకి నీళ్లు చేరాక పిస్టన్ పైకి రాబోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మీ తమ్ముడి చేతిలో జరిగింది అదే. మునిగిన కారుకు తాళం చెవి కూడా తిప్పకూడదు.

వెళ్లేముందు కారును మెరకన ఉన్న బంధువుల ఇంట్లో ఉంచి వెళ్లండి, మీ పరిస్థితిలో ఇదే అసలైన జాగ్రత్త. బ్యాటరీ మైనస్ తీగ విప్పి ఉంచండి, నీళ్లొచ్చినా వైరింగుకు షార్టు కాదు. మామూలు సమగ్ర పాలసీలో వరద నష్టం ఉంటుంది గానీ, నీళ్లున్న ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం వల్ల పోయినదానికి సాధారణంగా ఇవ్వరు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అని వేరే కవర్ తీసుకోవాలి. మీ ప్రాంతంలో ఉన్నవాళ్లందరికీ అది అవసరమే. నీళ్లొస్తే ఎంత ఎత్తు వచ్చాయో ఫొటోలు తీయించి, కంపెనీకి తెలియజేసి, బండిని క్రేన్ మీదే షెడ్డుకు పంపించమని ఇప్పుడే చెప్పి ఉంచండి.

ప్రశ్న: బీఎస్-6 డీజిల్ కారు, ఎలక్ట్రిక్ కారు రెండూ ఉన్నాయి. నాలుగు నెలలు వాడం. రెండింటికీ ఒకే పద్ధతా?
- వైద్యుడు, కరీంనగర్

జవాబు: కాదు. డీజిల్ కారును ఐడ్లింగ్‌లో ఉంచడం పెట్రోలు కారు కంటే ఇంకా చేటు. పొగ ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది, అది కాలాలంటే హైవే మీద వేగంగా నడవాలి. నిండు ట్యాంకుతో, ఫ్యూయల్ ఫిల్టర్ కింది నీళ్లు వదిలించి, బ్యాటరీ తీగ విప్పి ఉంచండి. డీజిల్‌లో నీరు చేరితే ఆ రెండింటి మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది.

ఎలక్ట్రిక్ కారును నిండా చార్జ్ చేసి వదలకండి, ఖాళీగానూ వదలకండి. లిథియం బ్యాటరీకి నిండు చార్జ్, ఎండ వేడి రెండూ కలిస్తే ఆయుష్షు తగ్గుతుంది. 50 శాతం దగ్గర ఉంచి నీడన పెట్టండి. చాలామంది మరిచేది, దానిలో కూడా మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. పెద్దది నిండుగా ఉన్నా అది పడిపోతే రిమోట్‌తో తలుపు కూడా తెరుచుకోదు. మాన్యువల్‌లో దీర్ఘకాలం ఆపి ఉంచడం గురించిన పేజీ చదివి, నెలకోసారి ఎవరైనా చార్జ్ చూసేలా ఏర్పాటు చేయండి.

ప్రశ్న: జనవరి, ఫిబ్రవరి రెండు నెలలు పెళ్లి పనుల మీద ఇండియా వస్తున్నాను. ఇక్కడ మైనస్ 30 దాకా పడుతుంది. కారు బయటే ఉంటుంది.
- ఒక పాఠకుడు, ఎడ్మంటన్, కెనడా

జవాబు: మనకు ఎండతో తంటా అయితే మీకు గడ్డకట్టడంతో. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ మైనస్ 50 దాకా గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో ఆమ్లం దాదాపు నీళ్లే కాబట్టి మైనస్ పది దగ్గరే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. వీలైతే విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి. కూలెంట్ సగం గాఢతలో ఉంటే మైనస్ 37 వరకు కాపాడుతుంది, దాన్ని కొలిపించుకోండి. హ్యాండ్ బ్రేక్ వేయకండి, తీగ గడ్డకట్టి పట్టేస్తుంది. బయల్దేరేముందు రోడ్డు ఉప్పును అడుగు భాగం నుంచి కడిగించి, కాస్త నడిపి తడి ఆరనిచ్చాకే ఆపండి. తిరిగొచ్చాక స్టార్ట్ చేయడానికి రెండు మూడు గంటల ముందే బ్లాక్ హీటర్ ప్లగ్ పెట్టండి.

ఇంకా చాలా ఉత్తరాలు మిగిలిపోయాయి. రాసేటప్పుడు కారు పేరు, ఏ సంవత్సరానిది, పెట్రోలా డీజిలా, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎక్కడ ఆపి ఉంచుతున్నారు, ఈ ఐదూ తప్పకుండా రాయండి. ‘మా కారు స్టార్ట్ కావడం లేదు, ఎందుకు?’ అన్న ఒక్క వాక్యానికి సరైన జవాబు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.